పద్నాలుగు విస్తళ్లు, ఒకే వంట: సంక్రాంతి భోజనం డైరీ

డిసెంబర్ చివరి వారం

ఈ సంక్రాంతికి రాజమండ్రిలో అమ్మావాళ్లింట్లో పద్నాలుగు మందిమి కలుస్తున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. వంట నేనూ మా ఆవిడా చూసుకుంటామని మాటిచ్చేశాం. ఎవరికి ఏది పడదో రాద్దామని కూర్చుంటే కాగితం ఒకవైపు సరిపోలేదు.

అమ్మకి షుగర్, పొద్దున్నే మాత్రలు. నాన్నకి కిడ్నీ సమస్య, మూడో దశ. ఉప్పు ఎలాగూ తగ్గించాలి, మొన్నటి పరీక్షలో పొటాషియం ఎక్కువగా, 5.4 వచ్చింది కాబట్టి అదీ తగ్గించాలి. చెల్లి కూతురికి సీలియాక్ జబ్బు. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ కాస్త పొట్టలోకి వెళ్లినా చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. తమ్ముడి కొడుక్కి వేరుశనగ అలర్జీ, కిందటేడు ఒక పెళ్లి భోజనంలో పెదాలు వాచి ఆసుపత్రికి పరిగెత్తారు. జీడిపప్పు, నువ్వులు పడతాయని పరీక్ష చేసి చెప్పారు, అది కొంత నయం. ఇక మేనత్త. ఉల్లి వెల్లుల్లి ముట్టదు, కోడి వండిన గిన్నె ఎంత తోమినా ఆవిడ లెక్కలో అది కోడి గిన్నే. మిగిలిన తొమ్మిది మందికి ఏ పేచీ లేదు, పండగ పండగలా ఉంటే చాలు.

తమ్ముడు ఫోన్లో తేల్చేశాడు: "ఎవరిది వాళ్లకి విడిగా వండేద్దాం అన్నయ్యా, టెన్షన్ ఉండదు."

నాకది నచ్చలేదు. దసరాకి అమ్మ అదే చేసింది. నాన్న విస్తట్లో చప్పటి పప్పు, ఉడకబెట్టిన బీరకాయ. ఆయన మారు మాట్లాడకుండా తిని లేచారు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక వంటింట్లో ఆవకాయ జాడీ మూత చప్పుడైంది. పక్కవాడి విస్తట్లో ఘుమఘుమలాడుతుంటే ముందున్న చప్పిడి మెతుకులతో ఎవరు మాత్రం సరిపెట్టుకుంటారు?

అందుకే వంట ఒకటే ఉండాలనుకున్నాను. ఏ వంటకమైనా ఎక్కడో ఒకచోట రెండుగా చీలుతుంది. ఉప్పు వేయబోయే ముందో, పోపు పెట్టబోయే ముందో, బెల్లం కలపబోయే ముందో. అక్కడ ఒక గిన్నెడు పక్కకి తీసుకుంటే సరిపోతుంది. ఉప్పు, తీపి, పొటాషియం ఇవన్నీ ఎంత అన్న లెక్క కాబట్టి ఈ పద్ధతి పనిచేస్తుంది. గోధుమకీ వేరుశనగకీ మాత్రం పనిచేయదు. వాటికి కొంచెం, ఎక్కువ అన్న తేడా లేదు. ఆ రెండూ పండగ అయ్యేదాకా వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు.

జనవరి మొదటి వారం: బొబ్బట్లా, బూరెలా

మెనూ అనుకున్నంత కష్టం కాలేదు. మన పండగ వంటంతా బియ్యం, మినుములు, శనగపప్పు, బెల్లం చుట్టూనే తిరుగుతుంది. గోధుమ పనిగట్టుకుని వచ్చేది బొబ్బట్లలోనే. మా ఆవిడ వాళ్లది గుంటూరు, వాళ్లకి బొబ్బట్టు లేని పండగ లేదు. గోదావరి వాళ్లం మేం బూరెలంటాం. ఈసారి ఆ వాదన ఇట్టే తేలిపోయింది. బూరెలో పూర్ణం శనగపప్పు, పైన పిండి మినప్పప్పు, బియ్యం. గోధుమ సోకదు. పైపొర నున్నగా రావాలని కొంతమంది అందులో గుప్పెడు మైదా కలుపుతారు. మేం కలపం, అంతే.

పండగ రోజుకి: ముద్దపప్పు, వంకాయ చిక్కుడుకాయ కూర, దప్పళం, చింతపండు పులిహోర, బూరెలు, బెల్లం పరవాన్నం, పెరుగు. పిండివంటల్లో అరిసెలు. నైవేద్యం పెడతాం కాబట్టి ఉల్లి వెల్లుల్లి ఎలాగూ ఉండవు, మేనత్తకి ఆ రోజు విడిగా చేయాల్సింది ఏమీ లేదు. కనుమకి గారెలు, నాటుకోడి పులుసు.

పులిహోరలో వేరుశనగ గుళ్లు లేకపోతే ఎలా అని చెల్లి అడిగింది. పోపులో శనగపప్పు, మినప్పప్పు రెట్టింపు వేసి ఎర్రగా వేయిస్తే పంటి కింద ఆ కరకర వస్తుంది. పైన జీడిపప్పు.

వంటింటి సోదా

మేం ముందుగానే వచ్చాం, డబ్బాలన్నీ దించి చూడటానికి. గోధుమపిండి, మైదా, ఉప్మా రవ్వ, సేమ్యా కళ్లకి కనబడేవే. అవి మేడ మీద గదిలోకి వెళ్లాయి. చపాతీ పీట, కర్ర కూడా. చెక్క సందుల్లో ఇరుక్కున్న పిండి కడిగితే పోదు.

అసలు దొంగ ఇంగువ. మనం కొట్లో కొనేది చాలావరకు కూటు ఇంగువ, అంటే అసలు ఇంగువలో జిగురూ పిండీ కలిపింది. ఆ పిండి తరచుగా గోధుమపిండే. డబ్బా తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో రాసే ఉంది. దప్పళంలో, పులిహోరలో, పప్పు పోపులో అన్నింట్లోనూ ఇంగువ పడుతుంది. ఆ పాప ఇన్నాళ్లూ మన ఇళ్లలో గోధుమ ముట్టకుండానే గోధుమ తింటోందన్నమాట. బజారంతా తిరిగితే బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరికింది, గ్లూటెన్ రహితం అన్న ముద్రతో. మన దేశంలో ఆ ముద్ర వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ మించకూడదు. ఇంగువ ఉంది కాబట్టి రసం పొడి, సాంబారు పొడి పాకెట్లు కూడా మేడ మీదకే. పండగ పొడులు ఇంట్లోనే కొట్టుకున్నాం.

వేరుశనగ సంగతికొస్తే, గుళ్ల డబ్బా తీసేయడం తేలికే. అమ్మ ఎంతో ఇష్టంగా ఆడించుకున్న గానుగ వేరుశనగ నూనె డబ్బా కదిలించడమే కష్టమైంది. బాగా రిఫైన్ చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు, గానుగ నూనెలో మిగిలి ఉంటుంది. అలర్జీ వచ్చేది ఆ ప్రొటీన్‌తోనే. "స్వచ్ఛమైన నూనెరా, పిల్లలకి మంచిది" అంది అమ్మ. మంచిదే, ఈ పిల్లాడికి కాదు. పొద్దుతిరుగుడు నూనె కొత్త పాకెట్లు, కొత్త మూకుడు. పాత ఇనప మూకుడు ఎన్నేళ్లుగా వేరుశనగ నూనె తాగిందో ఎవరికి తెలుసు.

మరదలు ఒక పని బాగా చేసింది. పిల్లాడి మందుల సంచి తెచ్చి హాల్లో అందరికీ అందే చోట మేకుకి తగిలించి, ఎప్పుడు ఏది ఇవ్వాలో పెద్దవాళ్లందరి చేతా ఒకసారి చెప్పించింది. ఇది ఏ మెనూ కన్నా ముందు జరగాల్సిన పని.

అరిసెలు

బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చి, వడగట్టి, తడి ఆరకముందే పిండిమరకి పట్టుకెళ్లాలి. అదే అలవాటు. ముందురోజే మర దగ్గరికి వెళ్లి ఊరికే నిలబడి చూశాను. ఆయన చెప్పింది నిజమే: "తడిపిండికి వేరే మిషన్ అండి, గోధుమలు దాంట్లో వెయ్యం." కానీ పక్క మిషన్లో గోధుమలు ఆడుతున్నాయి. ఆ పొడి లేచి గది నిండా మంచులా పట్టింది, ఆయన కనురెప్పల మీద కూడా తెల్లగా ఉంది. రెండు మిషన్ల దగ్గరా రాలిన పిండి ఊడ్చే చీపురు ఒక్కటే. దండం పెట్టి వచ్చేశాను.

ఇంట్లో మిక్సీ ఉంది కదా. కొద్దికొద్దిగా వేసి, ఆపి ఆపి తిప్పితే పిండి వేడెక్కదు. సన్న జల్లెడ పట్టి, మిగిలిన నూక మళ్లీ మిక్సీలోకి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి తడిబట్ట కప్పాలి. పిండి పిడికిట పడితే ముద్ద నిలవాలి, ఆ తడి పోతే అరిసె పగులుతుంది. మరలో పది నిమిషాల్లో అయ్యే పని మా ఇద్దరికీ ఒక పూట తిన్నది.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పాకం దగ్గర మాత్రం నా పెత్తనం సాగలేదు. అమ్మ కుర్చీ వేయించుకుని పొయ్యి పక్కన కూర్చుంది. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేయడం, వేలితో జరిపి చూడటం. మొదట చుక్క నీళ్లలో పాకి కరిగింది. కాసేపటికి దారంలా సాగింది. ఇంకాసేపటికి మెత్తటి ఉండై వేళ్లకి వచ్చింది. "దించెయ్, దించెయ్" అని కేక. యాలకుల పొడి, నెయ్యి వేసి, నేను పిండి జల్లుతుంటే మా ఆవిడ తెడ్డుతో కలిపింది. చలిమిడి గరిటెజారుగా ఉండగానే ఆపేయాలి, చల్లారితే అదే బిగుసుకుంటుంది.

అమ్మ చలిమిడి ముద్ద ఒకటి నోట్లో వేసుకోబోయి నా వైపు చూసింది. సగం చేసి ఇచ్చాను. బెల్లం కాబట్టి షుగర్ వాళ్లకి పర్లేదన్న మాట మా వీధిలో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. బెల్లంలో ఉన్నదీ ఎక్కువ పాళ్లు చక్కెరే, రక్తంలో షుగర్ అదీ పెంచుతుంది. షుగర్‌ఫ్రీ అరిసెలు కూడా చేయొచ్చని ఎవరో సలహా ఇచ్చారు. అలాంటి అరిసె ఎవరికీ తృప్తినివ్వదు, పైగా షుగర్‌ఫ్రీ కదా అని మూడు తింటారు. అసలైనది సగం తినడమే నయం.

నువ్వులద్ది నూనెలో వేసి, పొంగాక తీసి చెక్కల మధ్య నొక్కుతుంటే పిల్లలిద్దరూ పక్కనే నిలబడ్డారు. చెల్లి కూతురు అడిగింది, "మావయ్యా, ఇది నేను తినచ్చా, అడగకుండా?" ఈ వంటింట్లో ఏదైనా అడగకుండా తినచ్చు అన్నాను. అమ్మాయి నమ్మకం కుదరక వాళ్లమ్మని అడిగి వచ్చి మరీ తీసుకుంది.

దప్పళం, నాన్న కోసం

అసలు పరీక్ష ఇదే. నాన్నకి సంక్రాంతి అంటే దప్పళం. తియ్యగుమ్మడి, చిలగడదుంప, మునక్కాడ, సొరకాయ, వంకాయ, బెండకాయ, చింతపండు పులుసు, బెల్లం. కిడ్నీ వాళ్లకి వద్దని చెప్పే పేర్లు సగం ఇందులోనే ఉన్నాయి. నాన్నని చూసే డైటీషియన్‌ని ఫోన్లో అడిగాను. ఆవిడ వద్దనలేదు, ఎలా వండాలో చెప్పింది: చిలగడదుంప మానేయండి, సొరకాయ, వంకాయ పాలు పెంచండి, గుమ్మడి రెండు ముక్కలు చాలు, ముక్కలు చిన్నవిగా కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయండి, తినేది చిన్న గిన్నెడు. పొటాషియం నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లతో పాటే చాలావరకు పోతుంది. కుక్కర్లో కాసిని నీళ్లతో మగ్గిస్తే దిగినదంతా కూరలోనే ఉండిపోతుంది, లాభం లేదు. ఇది నాన్న రిపోర్టులు చూసి చెప్పిన లెక్క, ఇంకొకరి ఇంట్లో అంకెలు వేరు, లెక్క వేరు.

ఆవిడ చెప్పిన ఇంకో మాట నాకు కొత్త. బెల్లంలో పొటాషియం బాగా ఉంటుంది, పంచదారలో దాదాపు ఉండదు. అంటే ఆరోగ్యానికి మంచిదని బెల్లం వాడే ఇంట్లో నాన్న గిన్నెలో మాత్రం పంచదార పడాలి. కొట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు గురించి కూడా గట్టిగా హెచ్చరించింది. అందులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియం క్లోరైడ్. బీపీ కోసం మంచిదని ఎవరో చెబితే తమ్ముడు అప్పటికే ఒక పాకెట్ తెచ్చి పెట్టాడు. అది అదే రోజు ఇల్లు దాటింది.

ఒకరోజు రాత్రి చిన్నగా వండి చూశాం. పులుసు అందరికీ ఒకటే గిన్నెలో పలచగా కాగింది. ఉప్పు, బెల్లం వేయకముందే నాన్నకి రెండు గరిటెలు తీసి, ఉడికించి వార్చిన ముక్కలు అందులో వేసి, చిటికెడు పంచదార, కొలిచి పావు చెంచా ఉప్పు, చిక్కదనానికి బియ్యప్పిండి. తక్కువ ఉప్పు నాలుకకి తెలియకుండా ఉండాలంటే పోపు గట్టిగా ఉండాలి. మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకు మామూలుకన్నా ఎక్కువ, దించాక దంచిన మిరియాలు, రెండు చుక్కల నిమ్మరసం.

నాన్న మొదటి ముద్ద తిని, "ఉప్పు తక్కువైంది" అన్నారు. రెండో ముద్దకి, "పర్లేదు." మూడో ముద్దకి ఏమీ అనలేదు, గిన్నె ఖాళీ చేశారు.

ఈ పరీక్ష వంటకి ఇంకో కారణం ఉంది. పండగ రోజు నైవేద్యం అయ్యేదాకా రుచి చూడకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో తెలిసే దారి లేదు. రోజూ చేతి వాటంతో వేసే అమ్మకి అది పెద్ద విషయం కాదు, గిన్నెలు రెండైన మాకు పెద్ద విషయమే. అందుకే చెంచాల లెక్క ముందే కాగితం మీదకి ఎక్కించి, పొయ్యి వెనక గోడకి అంటించాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజు మొత్తానికి చెప్పే ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా. కాగితం మీద లెక్క వేసి చూస్తే మామూలుగా మా ఇంట్లో పండగ భోజనం ఒక్కదాంట్లోనే అంతకి దగ్గరగా తింటున్నాం, ఊరగాయ కలపకుండా.

భోగి

మంటలు, పిల్లలకి భోగిపళ్లు. వంట పెద్దగా లేదు. సమస్య బయటినుంచి వచ్చింది. పదింటికల్లా చుట్టుపక్కల ఇళ్ల నుంచి స్టీలు డబ్బాలు మొదలు. చెక్కలు, వేరుశనగ ఉండలు, బొబ్బట్లు, తాపేశ్వరం కాజాలు. కాజా అంటే మైదా. ఎవరినీ వద్దనలేం. వీధి గుమ్మం పక్కన ఒక బల్ల వేసి, వచ్చినవన్నీ అక్కడినుంచి అక్కడే మేడ మీదకి పంపాం. మేడ మీద తిన్నవాళ్లు చేతులు, మూతి కడుక్కున్నాకే కిందకి రావాలని పిల్లలే కాపలా కాశారు. పోలీసుల కన్నా గట్టిగా.

ఒక్క డబ్బా కింద నిలిచింది. బావగారు ఆత్రేయపురం నుంచి తెచ్చిన పూతరేకులు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వాటికి. పలచటి బియ్యపు పిండితో తీసిన రేకు, నెయ్యి, బెల్లం పొడి. గింజలేవీ లేని రకం కావాలని చెప్పి, చుట్టే చోట ఎదురుగా కూర్చుని చుట్టించుకొచ్చారట. బావగారు మామూలుగా ఇంత జాగ్రత్త మనిషి కాదు.

పండగ రోజు

నాలుగింటికి లేచాం. పెద్ద పంతం సమయం గురించి. మా ఇంట్లో పండగ భోజనం రెండింటికి ముందు ఎప్పుడూ కాలేదు. అమ్మ పొద్దున మాత్ర వేసుకుని, పూజ అయ్యేదాకా ఏమీ తినకుండా ఉంటుంది. అలాంటప్పుడు షుగర్ పెరగడం కన్నా పడిపోవడం ప్రమాదం, చెమటలు పట్టి కళ్లు తిరిగిన పండగలు ఉన్నాయి. కాబట్టి ఏడున్నరకి ఇడ్లీ తిని తీరాలన్నది షరతు. ఇడ్లీ తిని పూజేంట్రా అంది. మేనత్తే కల్పించుకుంది, "దేవుడు నీ ఇడ్లీ లెక్కపెట్టడు వదినా, తిను." నైవేద్యం పదకొండున్నరకి, విస్తళ్లు పన్నెండున్నరకి.

అరిటాకుల వల్ల ఒక మేలు జరిగింది. ఎవరి ఆకు వాళ్లది, పాత కంచాల అనుమానం లేదు. నాన్న గిన్నెల గరిటెలకి పసుపు దారం కట్టాం. వడ్డన మాత్రం అందరికీ ఒకే వరసలో, నాన్నది చివర పెట్టలేదు. కూర, పప్పు ముందు వడ్డించి, అన్నం కాస్త ఆలస్యంగా పెట్టాం, అమ్మ కోసం. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. ఈ వరస అమ్మ ఒక్కదానికే పెడితే గొడవ అయ్యేది, పద్నాలుగు మందికీ పెట్టేసరికి ఎవరూ అడగలేదు. బూరె, పరవాన్నాల్లో ఒక్కటే అంటే బూరెని ఎంచుకుంది. వేడి బూరెకి బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోయించుకుని, కళ్లు మూసుకుని తింది. తర్వాత రెండు గంటలకి సూది గుచ్చి చూస్తే 168. డాక్టరు పెట్టిన గీత 180.

నాన్న పులిహోర రెండోసారి అడిగారు. ఇవ్వలేదు. ముఖం మాడ్చుకున్నారు గానీ దప్పళం మిగల్లేదు.

కనుమ

కనుమ నాడు మినుము తినాలి కాబట్టి గారెలు. ఈ పద్ధతికి అతికినట్టు సరిపోయే వంటకం ఇదే. గారెల పిండిలో ఉప్పు ఎలాగూ చివర్లోనే వేస్తాం, ముందే వేస్తే పిండి జారిపోయి నూనె తాగుతుంది. ఉప్పు వేయకముందే నాన్న రెండు గారెలు తట్టి మూకుట్లో వేశాం, జీలకర్ర, పచ్చిమిర్చి, అల్లం దండిగా దట్టించి. మేనత్తకి ఆ గారెలు అల్లం పచ్చడితో, లోపలి వంటింట్లో. కోడి పెరట్లో కట్టెల పొయ్యి మీద, తమ్ముడి చేతుల్లో. లోపలి గరిటె బయటికి, బయటి గరిటె లోపలికి వెళ్లకుండా మా ఆవిడ గడప దగ్గర నిలబడింది. మసాలా ధనియాలు, లవంగాలు, చెక్క, గసగసాలు, ఎండుకొబ్బరి, అప్పటికప్పుడు నూరిందే. చిక్కదనానికి వేయించిన వేరుశనగ నూరి వేయడం తమ్ముడికి అలవాటు, ఈసారి జీడిపప్పు నూరాడు. బానే ఉంది. నిజం చెప్పాలంటే ముందుదానికన్నా బాగుంది, వాడు ఒప్పుకోడు.

పండగ తర్వాతి వారం

నాన్న పొటాషియం 4.9. డైటీషియన్ సంతోషించి, దప్పళం మాత్రం నెలకోసారే అంది. చపాతీ పీట ఇంకా మేడ మీదే ఉంది, అమ్మ కిందకి తెమ్మనలేదు. బియ్యప్పిండి ఇంగువే వాడుకుంటోంది, వాసన తక్కువని సణుగుతూనే.

ఉగాదికి కూడా అందరూ వస్తామంటున్నారు. పచ్చడిలో కొత్త బెల్లం, చింతపండు, కొందరిళ్లలో వేసే అరటిపండు, మూడూ నాన్నకి తగ్గించాల్సినవాటి కాగితంలో ఉన్నాయి. అది ఒక్క చెంచాడే కదా అని ఆయన ఇప్పటినుంచే బేరం మొదలుపెట్టారు.